తగ్గిందన్న మాట సాక్ష్యం కాదు

"మా తాతకు తగ్గింది, మా పిన్నికి తగ్గింది, ఇంక మీ పరీక్షలు మాకెందుకు?" పొదిలిలో సర్పి పసరు ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఇక ఊరుకోదలచుకోలేదు.

సర్పి నడుము చుట్టూ పాకి తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పని మనవాళ్ళ నమ్మకం. జేగురు పూసి, పసరు రాసి, మంత్రం వేసిన పెద్దాయన "కలవకుండా ఆపాను" అంటాడు. ఆపవలసిన అవసరమే ఆయనకు లేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్సే నరాల మూలాల్లో ఏళ్ళ తరబడి దాగి, సత్తువ తగ్గిన వేళ ఏదో ఒక నరం వెంట పైకి వస్తుంది. ఆ నరం శరీరంలో ఒక పక్కకే పరిమితం కనుక పొక్కులు సాధారణంగా నడిమి గీత దాటవు. రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మాడిపోతాయి. అలాంటి రోగానికి ఏది పూసినా మందే. రేపు నేను పెరుగన్నం పూసినా నాకూ హస్తవాసి ఉందంటారు!

చైనాను చూసి నేర్చుకోమంటారు కొందరు మిత్రులు. సరే, చూద్దాం. సర్పికి అక్కడ పేరున్న కషాయం లొంగ్‌దాన్ షియెగాన్. దానిమీద పరీక్షలు జరిగాయి. కానీ ఎక్కువ భాగం చిన్నవి, ఎవరికి ఏ మందు ఇస్తున్నారో ముందే తెలిసిపోయేవి. ఆ పేరుతో అమ్మిన గుళికల్లోని గ్వాన్‌ముతొంగ్ అనే తీగ మూత్రపిండాలను పాడుచేస్తోందని తేలి, 2003లో చైనా ప్రభుత్వమే దాన్ని తొలగించింది. అనుభవం కనిపెట్టలేని విషం అది. అదే దేశంలో తూ యూయూ, పాత గ్రంథంలోని ఒక మొక్కను వేడి చేస్తే గుణం పోతోందని గ్రహించి, ఈథర్‌తో సారం తీసి, 1972లో రోగులకంటే ముందు తానే పుచ్చుకొని చూసింది. మలేరియాకు మందు దొరికింది. 2015లో నోబెల్ వచ్చింది. మనం నేర్చుకోవలసిన చైనా ఏది?

ఎసైక్లోవిర్ కూడా అమృతమేమీ కాదు. పొక్కులు మానాక మిగిలే నరాల మంటను అది ఖాయంగా ఆపలేదు. అయితే పొక్కులు లేచిన 72 గంటల్లో మొదలుపెడితే మేలని, సర్పి కంటి చుట్టూ వస్తే కంటికి ముప్పు తగ్గిస్తుందని పోల్చి చూసి మరీ తేల్చారు.

మా మేనత్తకు నుదుటిమీద, ఎడమ కంటిపైన లేచింది. పసరు వేసినాయన పథ్యం చెప్పాడు, ఇంగ్లీషు మందు తగలకూడదన్నాడు. తొమ్మిదో రోజున కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. పొక్కులు మానాయి గానీ ఆ కంటికి ఇప్పుడు వెలుతురు తప్ప మనిషి ఆనడు.

వచ్చినవాళ్ళ వివరాలు ఒక నోటుపుస్తకంలో రాయమని, రెండు నెలలయ్యాక ఎలా ఉన్నారో కనుక్కోమని ఆయన్ను అడిగాను. రాస్తే మందుకు గుణం పోతుందన్నాడు. మా అత్త సంగతి ఎత్తాను.

"ఆమెకు తగ్గింది కదయ్యా" అన్నాడు.