క్రయపత్రం చదివి సంతకం చేద్దాం

యిర్మీయా అనాతోతు పొలానికి 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల ముందు క్రయపత్రం రాసి, భద్రపరచమని బారూకుకు అప్పగించాడు (యిర్మీయా 32). షోలాపూర్ హోట్గి రోడ్‌లో మగ్గం కూలి, బీడీ కూలి కూడబెట్టి ఇల్లు కొనే మన కుటుంబాలకూ ఆ జాగ్రత్త కావాలి.

నోటరీ కాగితం చాలదు. జీపీఏ అమ్మకంతో యాజమాన్యం రాదని, రిజిస్టరైన క్రయపత్రమే కావాలని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో తేల్చింది. అడ్వాన్సుకు ముందే సాత్‌బారా లేదా ప్రాపర్టీ కార్డు, పాత దస్తావేజులు, బ్యాంకు బాకీలు చూడాలి. ఫ్లాటైతే స్థలం సొసైటీ పేరున కన్వేయన్స్ అయిందా, లీజైతే ఎన్నేళ్లు మిగిలింది అని అడగాలి. స్త్రీ పేరున మాత్రమే ఇల్లు కొంటే మహారాష్ట్రలో స్టాంపు డ్యూటీ ఒక శాతం తగ్గుతుంది.

అక్కడి కాగితాలు మరాఠీలో ఉంటాయి. మరాఠీ చదువుకున్న యువతీ యువకులారా, పెద్దలు వేలిముద్ర వేసేముందే ప్రతి పుటా చదివి తెలుగులో చెప్పండి. యిర్మీయాకు బారూకు ఉన్నాడు. మన పెద్దలకు మీరుండాలి.