ఆ ఒక్క వెల్ ఎక్కడ?

ఎలైజా ప్లేటులో 96 వెల్స్. ఒకదాంట్లో ప్రైమరీ యాంటీబాడీ వేయకుండా సెకండరీ మాత్రమే వేయమంటే మా బయోటెక్ బ్యాచ్‌లో చాలామందికి దండగనిపిస్తుంది. నాకైతే ముందు చూడాల్సింది దాన్నే.

కుందేలు నుంచి తీసిన ప్రైమరీని పట్టుకోవడానికి మేకలో తయారైన సెకండరీ వాడతాం. దానికి హెచ్‌ఆర్‌పీ ఎంజైము తగిలించి ఉంటుంది. టీఎంబీ పోస్తే నీలం, ఆపడానికి ఆమ్లం పోస్తే పసుపు. బ్లాకింగ్ సరిగ్గా లేకపోయినా, కడగడంలో బద్ధకించినా సెకండరీ నేరుగా ప్లేటుకే అంటుకుంటుంది. అప్పుడూ అదే నీలం! మనం వెతికే ప్రోటీన్ ఉందో లేదో ఆ రంగుకేం తెలుసు? ప్రైమరీ లేని వెల్ కూడా నీలంగా మారితే మిగతా రీడింగులు నమ్మేదెలా?

రికార్డులో గ్రాఫు అందంగా ఉందని మార్కులేసే ముందు సార్లు, మేడమ్‌లు ఆ వెల్ రీడింగు అడగాలి. లేకపోతే ప్రయోగం మళ్లీ చేయించాలి, మేం ఎంత గొణిగినా సరే.