ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వస్తే మిగతావారికీ వస్తుందా? ఆశా ఫారంలో లేని ప్రశ్న

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే మిగతావారిలో మొదలయ్యే భయం ఒకటే: రేపు మాకూ వస్తుందా? నిజానికి పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల వచ్చే క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమే. కానీ ఆ లోపం ఉన్న కుటుంబాల్లో మాత్రం ముప్పు చాలా ఎక్కువ.

వారసత్వంగా వచ్చేది ఏమిటి?

క్యాన్సర్ కాదు, దాని ముప్పు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల పని దెబ్బతిన్న డీఎన్‌ఏను సరిచేయడం. వీటిలో లోపం ఉన్న మహిళలకు 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతమని 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అండాశయ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది.

ఈ లోపం తల్లికి ఉన్నా, తండ్రికి ఉన్నా ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. కాబట్టి అమ్మమ్మ, పిన్నిల సంగతే కాదు, నాన్నమ్మ, మేనత్తల సంగతీ తెలుసుకోవాలి.

ఒకే ఇంట్లో ఇద్దరికి వస్తే జన్యువులే కారణమా?

కానక్కర్లేదు. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటే అది అలవాటే, జన్యువు కాదు. మానుకోవచ్చు.

ప్రభుత్వ స్క్రీనింగ్ సరిపోదా?

జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తారు. ముందుగా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి సీబ్యాక్ అనే ఫారం నింపుతారు. అందులో కుటుంబ చరిత్రపై ప్రశ్న ఉంది. కానీ అది బీపీ, షుగర్, గుండె జబ్బుల గురించే. మీకు రొమ్ములో గడ్డ ఉందా అని అడుగుతుంది, మీ అమ్మకు క్యాన్సర్ వచ్చిందా అని అడగదు.

పైగా ఇందులో రొమ్ము పరీక్ష అంటే చేత్తో తడిమి చూడటమే. బీఆర్‌సీఏ లోపం ఉన్నవారికి మాత్రం 25 ఏళ్ల నుంచే ఏటా ఎంఆర్‌ఐ స్కాన్ అవసరమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎవరు జాగ్రత్తపడాలి?

• దగ్గరి బంధువుకు 50 ఏళ్లలోపే రొమ్ము లేదా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినా
• ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ వచ్చినా
• కుటుంబంలో మగవారికి రొమ్ము క్యాన్సర్ వచ్చినా
• తల్లివైపు గానీ, తండ్రివైపు గానీ ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి వచ్చినా

ఏం చేయాలి?

జన్యు పరీక్షను వీలైతే ముందుగా క్యాన్సర్ వచ్చిన వ్యక్తికే చేయించాలి. రక్తం లేదా లాలాజలం చాలు. వారిలో లోపం దొరికితే, మిగతావారికి ఆ ఒక్క లోపం కోసం చూస్తే సరిపోతుంది. పరీక్షకు ముందు క్యాన్సర్ నిపుణుడిని లేదా జన్యు కౌన్సెలర్‌ను కలవండి. ఖర్చు పథకం కిందకు వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఆశా కార్యకర్త వచ్చినా, డాక్టర్ దగ్గరికి వెళ్లినా మూడు వివరాలు అడగకపోయినా చెప్పండి: కుటుంబంలో ఎవరికి, ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చింది.