తిరగేసి గుణించు!

మా ఆడపడుచు కూతురు ఏడో క్లాసు. మొన్న లెక్కల్లో పాతికకి నాలుగొచ్చాయని వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి కళ్ళొత్తుకుంది. "దీనికి లెక్కల బుర్ర లేదొదినా, అచ్చం నీ పోలికే!" (ఆవిడ కూతురికి నా పోలిక ఎలా వచ్చిందో నన్నడక్కండి.)

లెక్కల బుర్రేమిటండీ? అదేమన్నా పుట్టుమచ్చా? ఆ ముద్రతోనే నేనూ బి.ఏ.లో పడ్డాను. కానీ నాకు లెక్కలంటే విరక్తి ఏ రోజు పుట్టిందో బాగా గుర్తు. భిన్నాల భాగహారం చెబుతూ మాస్టారు "రెండోదాన్ని తిరగేసి గుణించు" అన్నారు. "ఎందుకు తిరగెయ్యాలండీ?" అన్నాను. "అదంతే. నోరు మూసుకుని రాసుకో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత నేను మళ్ళీ ప్రశ్న అడిగితే ఒట్టు.

క్లాసు నిండా పిల్లలు, తరుముకొచ్చే సిలబస్, మేమేం చెయ్యగలం అంటారు మాస్టార్లు. నిజమే. కానీ "ఎందుకు" చెప్పడానికి పట్టే పది నిమిషాలు మిగుల్చుకుని, ఏడాదంతా అదే సూత్రాన్ని బట్టీ వేయించడం ఏం పొదుపు? పిల్లల్ని గణితపరంగా ఆలోచించేట్టు చెయ్యడమే లెక్కల చదువుకి ముఖ్యోద్దేశమని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికలోనే రాసుకున్నారు. ఇక మనం, తల్లులం! "నాకూ లెక్కలు రావులే" అని పిల్లల ముందే మురిసిపోతాం. "నాకు చదవడం రాదు" అని అలా ఎవరైనా మురుస్తారా? ఏనాడో పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. లెక్కలు మన బుర్రకెక్కవనుకుంటే అంత శ్రమ పడేవాడా!

నా ప్రశ్నకి జవాబు మా అమ్మమ్మ బియ్యం డబ్బాలోనే ఉంది. సోలకి నాలుగు గిద్దలు. అంటే గిద్ద పావు సోల. రెండు సోలల బియ్యాన్ని గిద్దతో కొలిస్తే ఎనిమిది సార్లు వస్తుంది. రెండుని పావుతో భాగించడమంటే ఇదే కదా! ఒక్కో సోలలో నాలుగున్నాయి గనక నాలుగుతో గుణిస్తున్నాం. ఇది తెలియడానికి నాకు నలభై దాటాయి.

ఆ పిల్లని వంటింట్లో కూచోబెట్టి కొలిపించాను. ఎనిమిదో గిద్ద పోసి ఆగిపోయింది. "భాగిస్తే తగ్గాలి కదత్తయ్యా, పెరిగిందేం?"

"ఎందుకో నువ్వే చెప్పు."

కాసేపు గిద్దకేసి చూసింది. "కొలపాత్ర చిన్నది కదా, ఎక్కువసార్లు పడుతుంది" అంది. వెంటనే, "మరి ముప్పావు సోల పాత్రయితే?"

గిద్దతో మూడేసి చొప్పున కుప్పలు పొయ్యమన్నాను. మూడు సోలల బియ్యం నాలుగు కుప్పలైంది. వంటింటినిండా బియ్యం. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, "ఇదేం చదువొదినా!" అంటోంది.

పిల్ల మాత్రం అప్పటికే ఐదు సోలలు తీస్తోంది.