వేగంతో పాటు హామీ కావాలి

2025 మార్చి 11న ఎయిర్‌టెల్, ఆ మర్నాడే జియో అమెరికాకు చెందిన స్పేస్‌ఎక్స్‌తో ఒప్పందాలు ప్రకటించాయి. ప్రభుత్వ అనుమతులకు లోబడి, ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ పరికరాలను తమ దుకాణాల్లో విక్రయించాలన్నది వాటి సారాంశం. స్పెక్ట్రమ్ కేటాయింపు విషయంలో అంతవరకూ స్టార్‌లింక్‌తో విభేదించిన జియో సైతం చేయి కలిపింది. టవర్ల సంకేతాలు అందని పల్లెలకు వేగవంతమైన ఇంటర్నెట్ చేరుతుందంటే మేమూ హర్షిస్తాం. అయితే అది ఎవరి ఇంటికి చేరుతుంది? చేరినది నిలుస్తుందా? ఈ రెండు ప్రశ్నలకు వ్యాపార ఒప్పందాల్లో జవాబు దొరకదు.

నేడు ఇంటర్నెట్ వినోద సాధనం మాత్రమే కాదు. విద్యార్థి ఉపకార వేతనం మొదలు హజ్ దరఖాస్తు వరకు అన్నీ దాని ద్వారానే సాగుతున్నాయి. వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలల్లో సమర్పించాలంటూ 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించింది. తాతల కాలం నాటి పత్రాలను భద్రపరచిన పల్లెటూరి ముతవల్లికి సైతం ఇంటర్నెట్ తప్పనిసరి అయింది. హక్కును కాపాడుకునే దారి ఇంటర్నెట్ గుండా పోతున్నప్పుడు, ఆ దారి అందరికీ తెరిచి ఉంచడం ప్రభుత్వ బాధ్యత.

దారి మూసుకుపోతే ఏమవుతుందో జమ్మూ కశ్మీర్ చూసింది. 2019 ఆగస్టులో అక్కడ ఇంటర్నెట్ నిలిచిపోయింది. 2020 జనవరిలో 2జీ సేవలు కొంతమేరకు తిరిగి వచ్చినా, 4జీ పూర్తిగా వచ్చింది 2021 ఫిబ్రవరిలోనే. నిరవధికంగా ఇంటర్నెట్‌ను ఆపడం చెల్లదనీ, నిలుపుదల ఉత్తర్వులను ప్రచురించాలనీ అనురాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2024 నాటి నిబంధనలు ఒక ఉత్తర్వు గడువును 15 రోజులకు పరిమితం చేశాయి. కానీ ఆ ఉత్తర్వును సమీక్షించే కమిటీలో ఉన్నవారందరూ ప్రభుత్వ కార్యదర్శులే. ఆపినవారే తీర్పరులైతే న్యాయం ఎలా జరుగుతుంది?

ఇక రెండో అంశం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31 శాతం కాగా, ముస్లింలలో దాదాపు 40 శాతం. గ్రామ పంచాయతీలను కలిపే భారత్‌నెట్ మన బస్తీల ఇరుకు సందుల కోసం రూపొందినది కాదు. అయితే 2023 టెలికాం చట్టం కింద ఏర్పడిన డిజిటల్ భారత్ నిధిని, సేవలు చాలని గ్రామాలతో పాటు పట్టణ ప్రాంతాలకూ వెచ్చించవచ్చు. చట్టంలో ఉన్న ఈ మాటను ఆచరణలోకి తెప్పించుకోవలసినది మనమే.

కనుక మేము కోరేది స్పష్టం. సమీక్షా కమిటీలో విశ్రాంత న్యాయమూర్తులకు చోటివ్వాలి. ప్రతి నిలుపుదల ఉత్తర్వునూ కారణాలతో సహా ప్రజల ముందుంచాలి. పేద బస్తీల పాఠశాలలకు, గ్రంథాలయాలకు డిజిటల్ భారత్ నిధి నుంచి ఉచిత ఇంటర్నెట్ కల్పించాలి. మసీదు కమిటీలు, యువజన సంఘాలు తమ బస్తీలో ఎన్ని ఇళ్లకు ఇంటర్నెట్ లేదో, ఎందరు ఆడపిల్లలకు సొంత ఫోను లేదో లెక్క తీసి ప్రజాప్రతినిధుల ముందుంచాలి. లెక్కతో వెళ్లిన విన్నపాన్ని తోసిపుచ్చడం అంత సులభం కాదు.