నెర్రెను జల్లెడ పట్టలేం

పేపరు పడితేనే పరిశోధన అన్న మాట ఇవాళ సివిల్ ఇంజనీరింగ్ విభాగాల్లో వేదవాక్కు అయిపోయింది. 2016 నుంచి వెలువడుతున్న జాతీయ ర్యాంకింగుల్లో పరిశోధనకు నూటికి 30 మార్కులు. వాటిలో పెద్ద వాటా ప్రచురణలకూ, వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్కకూ పోతుంది. ఊళ్లో గోడ ఎందుకు బీటలిచ్చిందో వెళ్లి చూడటం పరిశోధన కాదట, కన్సల్టెన్సీ అట. ఈ మాట తప్పని తమిళనాడులోని వెంబకోట్టై మట్టి మీద నిలబడి చెబుతున్నాను.

వెంబకోట్టై దగ్గర వైప్పారు నది ఒడ్డున తమిళనాడు పురావస్తు శాఖ 2022లో తవ్వకాలు మొదలుపెట్టిన దిబ్బ విజయకరిసల్‌కుళంలో ఉంది. ఊరి పేరులోనే కరిసల్ ఉంది. కరిసల్ అంటే మన నల్లరేగడి. ఈ సీమలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా దున్నుకుంటున్న నేల ఇదే. శాస్త్రగ్రంథాల్లో కనిపించే ‘రెగూర్’ కూడా మన రేగడే.

ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. ఈశాన్య వానలకు ఇంటి అంచుల కింది మట్టి ముందు తడిసి లేస్తుంది, నడింటి కింద పొడిగానే ఉంటుంది. ఎండల్లో మళ్లీ అంచులే ముందు ఎండి కుంగుతాయి. ఏటా సాగే ఈ లేవడం, కుంగడంతో కిటికీ మూల నుంచి బీట ఏటవాలుగా పాకుతుంది.

ఇదే మట్టిని ల్యాబుకు తెచ్చి ఏం చేస్తాం? ఆరబెట్టి, దంచి, 425 మైక్రాన్ల జల్లెడ పడతాం. 10 గ్రాములు నీటిలో, 10 గ్రాములు కిరోసిన్‌లో 24 గంటలు ఉంచి ఉబ్బు కొలుస్తాం. మట్టి గుణం తెలుస్తుంది, కాదనను. కానీ దంచిన క్షణానే నెర్రె పోయింది. వాననీటిని లోతుకు దించేది ఆ నెర్రే కదా! తర్వాత తూత్తుకుడి థర్మల్ కేంద్రం బూడిదో, సున్నమో కలిపి దిమ్మెలు చేసి, 28 రోజులకు నలగ్గొట్టి, బలం ఇంత శాతం పెరిగిందని రాస్తాం. బూడిద పాళ్లు మారిస్తే ఇంకో పేపరు. గోడకు బీట పడటానికి నాలుగు ఎండాకాలాలు పట్టొచ్చు. 28 రోజుల దిమ్మెకు ఒక్క వేసవి కూడా తెలియదు.

ప్రచురణ లేకపోతే తప్పు పట్టేదెవరని అడుగుతారు. అడగాల్సిందే. తోటి నిపుణులు పరీక్షించని కొలతను నేనూ నమ్మను. కానీ వాళ్లు పేపర్లో ఉన్నదాన్నే పరీక్షించగలరు. రాసినవాడు అడుగుపెట్టని ఊరిని వాళ్లకు చూపించేదెవరు?

ఈ మట్టికి మన దేశంలో దొరికిన మందులు ఎక్కడ పుట్టాయో చూడండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైళ్లను తెచ్చింది. రుతువుతో కదిలే పొరను దాటి, కదలని లోతులో అవి ఇంటిని పట్టి ఉంచుతాయి. కర్ణాటకలో మలప్రభ కాలువల లైనింగు పగులుతుంటే ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి, రేగడికీ లైనింగుకీ మధ్య ఉబ్బని బంకమట్టి పొర పరిచే పద్ధతి చూపించారు. ఆ ప్రశ్నను ఆయనకు అందించింది పగిలిన కాలువ.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ కరిసల్ సీమ జనం నోటి మాటలు ఏరి నిఘంటువు కూర్చారు. పునాది తవ్వే కొత్తనారుకు, అంటే తాపీమేస్త్రీకి, తెలిసినదాన్ని ఒక అధ్యాపకుడు అలాగే రాసుకొస్తే, దానికి ఏ పట్టికలో మార్కు వేస్తారు?

శివకాశి, కృష్ణన్‌కోయిల్, కోవిల్‌పట్టి. ఈ మూడు చోట్లా 1984లో ఇంజనీరింగ్ కాలేజీలుగా మొదలైన విద్యాసంస్థలున్నాయి. వెంబకోట్టై వాటికి దూరమేమీ కాదు. ఒక పీహెచ్‌డీ విద్యార్థిని విజయకరిసల్‌కుళంలో పది ఇళ్లకు పంపండి. బీట కదిలితే పగిలేలా ప్రతి బీట మీదా చిన్న గాజుపలక అతికించనివ్వండి. కదలని లోతులో ఒక బెంచిమార్కు పాతించి, మూడేళ్లు నెలనెలా పునాది మట్టం కొలవనివ్వండి. ఆ మూడేళ్లలో పేపరు రాకపోవచ్చు. ఫెలోషిప్ ఆపకండి, గైడుకు మార్కులు కోయకండి. మొదటి గాజుపలక పగిలిన రోజున తేదీని ఆ ఇంటివాళ్ల ఎదుటే నోటుపుస్తకంలో రాయించండి.