ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి

సేవా సంఘాల సభ్యులకు, కార్యవర్గాలకు, దాతలకు విజ్ఞప్తి.

ఆర్థిక సంవత్సరం ముగిసింది. లెక్కలు ఆడిటర్ల దగ్గరికి వెళ్తున్నాయి. ఇక సర్వసభ్య సమావేశాల నోటీసులు వస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన నోటీసుకు దండం బొమ్మ పెట్టి ఊరుకోకండి. ఈసారి వెళ్లండి, లెక్కలడగండి.

మన ఊళ్లలో అన్నదాన ట్రస్టులూ వృద్ధాశ్రమాలూ చాలావరకు ఒక పెద్దాయన మంచిపేరు మీదే నడుస్తాయి. ఆయనుండగా లెక్కలెందుకంటాం, అడిగితే అవమానించినట్టనుకుంటాం. నిజానికి అడగకపోవడమే ఆయనకు చేసే అన్యాయం. రేపు ఎవరైనా నింద వేస్తే, చూపించడానికి ఆయన దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు.

చెక్కుబుక్కు సంగతే తీసుకోండి. బ్యాంకుకు రాసిచ్చిన ప్రకారం అధ్యక్షుడూ కోశాధికారీ ఇద్దరూ సంతకం చేయాలి. అధ్యక్షులవారు అమెరికాలో కూతురి దగ్గరికి ఆరు నెలలు వెళ్తారు. పని ఆగకూడదని చెక్కులన్నిటి మీదా సంతకాలు పెట్టి, కోశాధికారి చేతికిచ్చి విమానం ఎక్కుతారు. అంతటితో రెండు సంతకాల నియమం గాలికి పోయినట్టే. కోశాధికారి నిప్పులాంటి మనిషే కావచ్చు. అయినా ఒక బిల్లు కనబడకపోతే అనుమానమంతా ఆయన మీదికే పోతుంది. కార్యవర్గం కూర్చుని తీర్మానం చేసి, ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా బ్యాంకుకు రాసిస్తే ఈ తిప్పలుండవు. ఒక్క పూట పని.

బియ్యం కార్యదర్శి బావమరిది కొట్లోంచి వస్తున్నాయా? రేటు తక్కువే కావచ్చు. ఆ చుట్టరికం సమావేశంలో చెప్పి, ఇంకో రెండు కొట్ల కొటేషన్లు తెప్పించి, నిర్ణయం జరిగేటప్పుడు కార్యదర్శి పక్కకు తప్పుకోవాలి. ఇదంతా మినిట్స్‌లోకి ఎక్కాలి.

దాతలూ, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. మినహాయింపు ఉన్న సంస్థలు దాతల వివరాలను పన్ను శాఖకు పంపి, దాతకు ధ్రువపత్రం ఇవ్వాలన్న నియమం 2021-22 విరాళాల నుంచి ఉంది. అది అందకపోతే మొహమాటపడకుండా అడగండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపే డబ్బు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న మేనల్లుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే చిక్కులేదు. అమెరికా పౌరుడైపోయిన మేనల్లుడు పంపితే అది విదేశీ విరాళమే. దానికి కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. తెలియక చేశామంటే చట్టం వినదు.

పేరు పోతే ఒక్కరిదే పోదు. 1992లో యునైటెడ్ వే ఆఫ్ అమెరికా అనే సేవాసంస్థ అధ్యక్షుడు విలియం అరమొనీ ఖర్చుల భాగోతం బయటపడి పదవి వదులుకున్నాడు, 1995లో జైలుశిక్ష పడింది. ఆ పాపంలో పాలు లేని ఊరూరి శాఖలు కూడా దాతలకు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

కార్యవర్గాలకు చివరిగా ఒక మాట. ఆడిట్ అయిన జమాఖర్చుల కాపీ సమావేశానికి వారం ముందే సభ్యులకు పంపండి, ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించండి. విస్తళ్లు వేశాక గబగబా చదివేసి చప్పట్లు కొట్టించుకోకండి.